దారిలో ఎదురయ్యే వింత

(అచ్యుతాపురంలో ఇచ్చిన స్మారక ఉపన్యాసానికి అచ్చుప్రతి)



తన పేరుతో ఏ సభా పెట్టవద్దని, తప్పదనుకుంటే ‘డ్రాయింగు మాస్టారి ఉపన్యాసం’ అంటే చాలని మాస్టారు ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పారట. ఆ మాటని ఈ వేదిక మీద నేనూ పాటిస్తాను. మాస్టారి కుటుంబానికి, ఆయన దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నవారికి, షిఫ్టు దిగి యూనిఫారంతోనే ఇటు వచ్చేసిన చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి నా వందనాలు.

హైస్కూల్లో డ్రాయింగు మాస్టారి ఉద్యోగం ఎలాంటిదో మీలో పెద్దవాళ్ళకి తెలుసు. బడిలో వారానికి ఒకటో రెండో పీరియడ్లు. మిగతా వేళల్లో ఊరందరికీ ఆయనే చిత్రకారుడు. నాటకానికి తెర రాయాలన్నా, రామకోవెల గోడ మీద హనుమంతుణ్ణి వేయాలన్నా, ఎన్నికల గుర్తులు గీయాలన్నా, కిరాణా కొట్టుకి బోర్డు రాయాలన్నా కబురు ఆయనకే వెళ్ళేది. అలాంటి మనిషిని తలుచుకునే రోజున చలువరాతి హాళ్ళలో దీపాల కింద వేలాడే బొమ్మల గురించి చెప్పడం నాకు సబబుగా తోచలేదు. అందుకే దారిలో ఎదురయ్యే కళ గురించి, అందులోనూ మనల్ని ఒక్క క్షణం తికమక పెట్టి నిలబెట్టేసే కళ గురించి మాట్లాడతాను.

నేను చెప్పదలచింది ఇదీ. వింత బొమ్మ, వింత వేషం, వింత ఆట మన ఉత్తరాంధ్ర జనానికి కొత్త కాదు. పనికి పోయే దారిలో, సంతలో, గుడి ముందర, కట్టుబడి మేడ మీద అవి తరతరాలుగా ఎదురవుతూనే ఉన్నాయి. చూడాలని బయల్దేరినవాడికంటే, వేరే పని మీద పోతూ ఏమీ ఎదురుచూడనివాడికి తారసపడినప్పుడే ఆ కళ బలం తెలుస్తుంది. ఆ తారసపాటు మన కళ్ళ ముందే తగ్గిపోతోంది. దాన్ని మళ్ళీ దారి మీదికి తేవడం మన చేతుల్లో ఉన్న పని.

ముందు ఈ ఊరి సంగతే చూద్దాం. అచ్యుతాపురం కూడలి నుంచి అనకాపల్లి వైపు వెళ్ళండి, రాంబిల్లి వైపు వెళ్ళండి, పూడిమడక వైపు వెళ్ళండి, కొత్త మేడలు లేస్తూనే ఉంటాయి. ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చింది. బ్రాండిక్స్ దుస్తుల కర్మాగారాల్లో పనికి చుట్టుపక్కల మండలాల నుంచి వేలమంది ఆడపిల్లలు బస్సులెక్కి రావడం మొదలైంది. మందుల కంపెనీలు వచ్చాయి. అద్దె గదులకి గిరాకీ పెరిగింది. ఆ మేడల్లో దిష్టిబొమ్మ లేనిది అరుదు.

ఒకదాని కింద ఆగి తలెత్తి చూడండి. రంగు వెలిసిన ప్యాంటు కాళ్ళని పురికొసతో బిగించి లోపల ఎండుగడ్డి కూరారు. సిమెంటు మరకల చొక్కా చేతుల్లోంచి ఒక సరుగుడు కర్ర అడ్డంగా దూర్చారు. అరచేతులు ఉండవలసిన చోట గడ్డిపరకలు వేళ్ళలా విచ్చుకున్నాయి. తలకి బోర్లించిన కుండ. కుండ మీద మసి, మసి మీద సున్నపు చుక్కలు. కళ్ళకి రెప్పల్లేవు, రెండు గుండ్రని సున్నాలు మాత్రమే. మీసాలు చెంపలు దాటి చెవుల దాకా సాగాయి, చెవులు మాత్రం లేవు. నోట్లోంచి ఎర్రగుడ్డ పేలిక వేలాడుతోంది. మెడలో ఒక తెగిన చెప్పు. రెండో శ్లాబు అంచున, సెంట్రింగు కర్రల నడుమ, సముద్రపు గాలికి ఆ కాళ్ళు ఒకదానికొకటి తగులుకుంటూ ఊగుతున్నాయి.

దాన్ని చేసింది తాపీమేస్త్రీ కావచ్చు, ఇసక జల్లించే కూలీ కావచ్చు, కాపలా ఉన్న తాత కావచ్చు. ఆ మొహం ఇలా ఉండాలని అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఒక మేడ మీది బొమ్మలాగా ఇంకో మేడ మీది బొమ్మ ఉండదు. నమ్మకం సంగతి అలా ఉంచి దాని వెనకున్న ఆలోచన చూడండి. దారిన పోయేవాడి తొలిచూపు ఇంటి మీద పడకూడదు, ఈ బొమ్మ మీద పడాలి. అంటే తొలిచూపుని లాక్కోవడమే పనిగా పుట్టిన వస్తువిది. అందంతో లాక్కోవడం అందరూ చేసేదే. దీన్ని చేసినవాడు ఆ దారిన పోలేదు. మనిషిలాగే ఉండి మనిషి కానిదాన్ని, మనిషి ఉండకూడని చోట వేలాడదీశాడు. చిత్రకళ చదువుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి వెతుక్కునే కిటుకు అది.

ఇక్కడ పారిస్ సంగతి ఒకటి చెప్పాలి. ఆంద్రే బ్రెటన్ 1924లో అధివాస్తవిక ప్రణాళిక ప్రకటించాడు. కలలో కనిపించేదాన్నీ మెలకువలో కనిపించేదాన్నీ ఒకే చోట నిలబెట్టాలని ఆ బృందం తపన. వాళ్ళు వీధుల్లో గమ్యం లేకుండా తిరిగేవారు, పాతసామాన్ల సంతల్లో వింత వస్తువుల కోసం గాలించేవారు. 1938 జనవరిలో పారిస్‌లోని ఒక పెద్ద గ్యాలరీలో అంతర్జాతీయ ప్రదర్శన పెట్టినప్పుడు ఏం చేశారో తెలుసా? లోపలే ఒక వీధి కట్టుకున్నారు. బట్టల దుకాణాల్లో నిలబెట్టే బొమ్మలని నడవాలో వరసగా పెట్టి, ఒక్కొక్క చిత్రకారుడు ఒక్కొక్క బొమ్మని తన ఇష్టానుసారం అలంకరించాడు. వాటి పక్కన వీధి పేర్ల పలకలు తగిలించారు. ముంగిట్లో సాల్వడార్ డాలీ ఒక టాక్సీ పెట్టాడు. వాన టాక్సీ లోపల కురిసేది. మార్సెల్ డ్యూషాం లోకప్పుకి 1,200 బొగ్గు సంచులు వేలాడదీశాడు. ప్రపంచంలో అంతకు ముందు అలాంటి ప్రదర్శన లేదు, దాని ఘనత నేను తగ్గించడం లేదు. కానీ ఒక్కటి గమనించండి. గ్యాలరీలోకి వీధిని తెచ్చుకోవడానికి ఆ మహానుభావులు అంత శ్రమ పడ్డారు. మన తాపీమేస్త్రీ వీధిలోనే ఉన్నాడు.

తెలుగు చిత్రకారుల్లో ఈ రహస్యం బాగా తెలిసినవారు కె. లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టారు, హైదరాబాదులోనూ బరోడాలోనూ చదివారు. తొలి దశలో ఆయన వేసిన రేఖాచిత్రాల్లో, ఎచింగుల్లో మేకలూ మొక్కలూ మనుషులూ ఒకరి ఒంట్లోంచి ఒకరు మొలుచుకొస్తారు. విమర్శకులు ఆ బొమ్మల దగ్గర అధివాస్తవికత ప్రస్తావన తెచ్చారు. ఆ బొమ్మలకి మూలధాతువు మాత్రం ఆయన పెరిగిన పల్లె. పల్లె లోపల దాగి ఉన్న వింతని ఆయన గ్యాలరీ దాకా మోసుకెళ్ళారు. ఆ వింతని పల్లెలోనే, పట్నం శివారులోనే ఉంచి చూడడం ఎలా అన్నది ఈ రోజు మన ప్రశ్న.

అయితే వింతగా కనిపించిందల్లా కళ అని నేను అనను. మన మండలంలోని కొండకర్ల ఆవలో తాటిమానులు తొలిచి, జంటగా జోడించి కట్టిన దోనెలు మీరంతా ఎక్కినవే. బయటి ఊరివాళ్ళు వాటిని చూసి ఆశ్చర్యపోయి ఫొటోలు తీసుకుంటారు. మనకి అవి పడవలు. చేపలవాడికి అన్నం పెట్టే పనిముట్టులో మనం వింత వెతకకూడదు. విశాఖ బీచి రోడ్డు మీది కురుసుర సంగతి వేరు. మూడు దశాబ్దాలకు పైగా నీటి అడుగున తిరిగిన జలాంతర్గామి, 91 మీటర్ల పొడవున్నది, 2002 నుంచి ఇసక మీద కూర్చుంది. దాని చోటు మారింది, పని మారింది. ఏ లోతుల్లోనో కనపడకుండా ఉండవలసింది బఠాణీల బండి పక్కన కనపడుతోంది. మ్యూజియం కోసం పెట్టారు కాబట్టి పెట్టినవాళ్ళ ఉద్దేశం చరిత్ర చెప్పడమే. అయినా మొదటిసారి ఆ రోడ్డు మలుపు తిరిగిన పిల్లవాడికి కలిగేది చరిత్ర జ్ఞానం కాదు, దిగ్భ్రమ. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు తెగిన బంగ్లాదేశ్ ఓడ ‘మా’ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చి రాళ్ళ మీద నిలిచిపోయినప్పుడు ఊరంతా కదిలి వెళ్ళింది. ఎవరూ టిక్కెట్టు పెట్టలేదు, ఎవరూ పిలవలేదు. చోటు తప్పిన వస్తువు మనిషిని ఎలా లాగుతుందో అప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. కళాకారుడు ఆ పనిని తెలిసి చేస్తాడు, ప్రమాదం తెలియక చేస్తుంది. అంతే తేడా, అదే పెద్ద తేడా.

తెలిసి చేసినవాళ్ళలో మన పగటివేషగాళ్ళది మొదటి పీట. నాటకం రాత్రిపూట, పందిట్లో, అందరూ తీరుబాటుగా కూర్చున్నప్పుడు ఆడేది. పగటివేషం అలా కాదు. మిట్టమధ్యాహ్నం, ఆడవాళ్ళు అంట్లు తోముకుంటున్నప్పుడు, మగవాళ్ళు కళ్ళంలో ఉన్నప్పుడు ఇంటి ముందరికి వస్తుంది. అర్ధనారీశ్వర వేషం తలుచుకోండి. ఒకే మనిషి. కుడివైపు జటలు, విభూతి, పులితోలు, సగం మీసం. ఎడమవైపు జడ, కాటుక కన్ను, చీర కుచ్చెళ్ళు, గాజులు. చేతిలో ఒక తెర. తెర ఇటు జరిగితే శివుడు గొంతు పెంచి మాట్లాడతాడు, అటు జరిగితే పార్వతి నెమ్మదిగా బదులిస్తుంది. నడక మారుతుంది, మెడ వాలు మారుతుంది, చూపు మారుతుంది. తెర తీసేసి ఒక్క క్షణం ఎదురుగా నిలబడినప్పుడు చూసేవాడి కన్ను ఏ సగం దగ్గర ఆగాలో తెలియక కొట్టుకుంటుంది. ఇంత గొప్ప ప్రయోగానికి రంగస్థలం లేదు, దీపాల్లేవు. ఒక గుడ్డముక్క, ఒక మనిషి ఒళ్ళు, పైన ఎండ.

పిట్టల దొర ఇంకో రకం, కొన్నిచోట్ల తుపాకీ రాముడంటారు. ఖాకీ నిక్కరు, టోపీ, చేతిలో కర్ర తుపాకీ. వస్తూనే తన ఎస్టేటు లెక్కలు మొదలుపెడతాడు. కొన్నిచోట్ల తుపాకీ రాముడంటారు. లేని ఏనుగులకి మేత చాలడం లేదంటాడు, ఎండిన చెరువులో ఓడలు తిప్పుతానంటాడు, చంద్రుణ్ణి కౌలుకిచ్చానంటాడు. ఒక మాటకి ఇంకో మాట అతకదు, కానీ ఆగదు. వింటున్నవాళ్ళు పగలబడి నవ్వుతారు. నవ్వుతూనే, తమ మీద అధికారం చేసే దొరల మాటలకీ వీడి మాటలకీ పోలిక ఎక్కడుందో గుర్తుపడతారు. తర్కాన్ని పక్కన పెట్టి మాట వెంట మాటని పరుగెత్తించడం ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య కవులు కనిపెట్టారని మనం పుస్తకాల్లో చదువుకుంటాం. మన వాకిట్లో గింజలకీ పాత బట్టలకీ ఆ పని చేసినవాణ్ణి మనం బిచ్చగాడనుకున్నాం. ఈ మాట చెప్పేటప్పుడు నాకు బాధగానే ఉంటుంది.

అనకాపల్లి గవరపాలెం గౌరీపరమేశ్వరుల ఉత్సవం మొదలుకొని మన ఊరూరి తీర్థాల దాకా నేలవేషాలు ఇప్పటికీ ఉన్నాయి. పులి చారలు ఒంటి మీద దిద్దుకునే కుర్రాడు రంగు ఆరేదాకా చేతులు చాపి నిలబడతాడు. ఆ చారలు కండ కదలికని బట్టి కదలాలి కాబట్టి రంగు వేసేవాడికి ఒంటి నిర్మాణం తెలిసి ఉండాలి. ఊరేగింపు ఇరుకు సందులో తిరిగినప్పుడు, బ్యాండు మోతలో, అరుగు మీద కూర్చున్న పిల్ల మొహానికి మూరెడు దూరంలో ఆ పులి మొహం వచ్చి ఆగుతుంది. ఏ ప్రదర్శనశాలలోనూ బొమ్మ అంత దగ్గరికి రాదు.

భక్తి కూడా వింత రూపానికి భయపడలేదు. విశాఖ దొండపర్తి ఎరుకుమాంబ అమ్మవారి శిరస్సు పాదాల దగ్గర ఉంటుంది. భక్తులు బిందెలతో నీళ్ళు పోసి మొక్కుకుంటారు. లేపాక్షి గుడి రాతి మీద ఒక ఒంటికి మూడు తలల ఆవు ఉంది. ఏ తలని చూస్తే ఆవు ఆ భంగిమలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇవి చూస్తూ పెరిగిన జనానికి ‘ఆధునిక చిత్రాలు అర్థం కావు’ అని మనమే ముందు తీర్మానించేసి, వాళ్ళ కోసం గోడల మీద పావురాలూ, ఉదయించే సూర్యుళ్ళూ, నినాదాలూ మాత్రమే రాయిస్తున్నాం. ఇది జనాన్ని తక్కువ అంచనా వేయడమే.

ఇక కష్టమైన సంగతికి వస్తాను. దారిలో వింత ఎదురైన ప్రతిసారీ మనిషి ఆనందిస్తాడా? ఆనందించడు. అనకాపల్లి పక్కన శంకరం ఊళ్ళో రెండు గుట్టలున్నాయి, బొజ్జన్నకొండ, లింగాలకొండ. 1907–08లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించారు. సుమారు 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా అక్కడ బౌద్ధం నడిచింది. లింగాలకొండ ఎక్కితే కొండరాతినే తొలిచిన స్తూపాలు చిన్నా పెద్దా వరసలు వరసలుగా, ఒకదాని భుజం ఒకటి ఒరుసుకుంటూ శిఖరం దాకా సాగుతాయి. సాయంత్రపు ఏటవాలు ఎండలో చూడండి. కొండ తనంతట తానే ఉబ్బి స్తూపాలై గడ్డకట్టిందా అనిపిస్తుంది. చెక్కినవాళ్ళు కొండ ఆకారాన్ని చెరపలేదు, దాని ఒంపునే నమ్ముకుని పనిచేశారు. రాతిలో ఇంత సాహసం చేసిన చోటు ఆంధ్రదేశంలో బహు తక్కువ అని నా అభిప్రాయం.

బొజ్జన్నకొండ మీద మాత్రం ఒక విచిత్రమైన ఆచారం ఏళ్ళ తరబడి సాగింది. పొట్టలా ఉబ్బిన ఒక కట్టడపు రూపాన్ని రాక్షసుడి బొజ్జగా తలచి, కనుమనాడు చుట్టుపక్కల జనం రాళ్ళు రువ్వేవారు. ఇటుకలు రాలాయి. పురావస్తు శాఖ, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ వంటివి పట్టుబట్టి ఆపించాయి. ఆపించడం సరైన పని. కానీ రాళ్ళు రువ్వినవారిని మొరటువాళ్ళని తీసిపారేయడానికి నా మనసొప్పదు. భిక్షువులు వెళ్ళిపోయారు. ఆ రూపం ఏమిటో చెప్పేవాళ్ళు వందల ఏళ్ళపాటు లేరు. ఎదురుగా అర్థం కాని ఆకారం ఉంది. జనం దానికి ఒక కథ అల్లుకున్నారు, ఏటా పండగ మర్నాడు పిల్లాపాపలతో కొండెక్కి ఆ కథలో పాల్గొన్నారు. వాళ్ళు దాన్ని పట్టించుకున్నారు. పట్టించుకోకుండా పక్కనుంచి పోయేవాడికంటే వాళ్ళే ఆ రూపానికి దగ్గరవాళ్ళు. లోపం ఎక్కడంటే, చెప్పవలసిన కథ చెప్పే మనిషి లేకపోవడంలో ఉంది. అందువల్ల దారిలో వింతని పెట్టేవాడికి ఒక బాధ్యత ఉంటుంది. పెట్టేసి వెళ్ళిపోకూడదు. అడిగినవాడికి చెప్పడానికి ఎవరో ఒకరు ఆ పక్కన ఉండాలి. కంచె రాతిని కాపాడుతుంది గానీ, రూపానికీ ఊరికీ మధ్య తెగిన మాటని మళ్ళీ కలపలేదు.

సాహిత్యంలోనూ ఈ దారి వెతికినవాళ్ళు మన ప్రాంతంలో ఉన్నారు. విజయనగరానికి చెందిన శ్రీరంగం నారాయణబాబు అధివాస్తవిక కవిత్వాన్ని తెలుగులో పట్టుదలగా రాశారు. ఆయన 1961లో పోయారు. ‘రుధిరజ్యోతి’ ఆ తర్వాతే పుస్తకమైంది. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ ఫ్రెంచి అధివాస్తవిక కవుల్లో కొందరిని తెలుగు చేశారు. వీరి ప్రయోగమంతా కాగితం మీద జరిగింది. దిగంబర కవులు దాన్ని రోడ్డు మీదికి తెచ్చారు. 1965 మే 6న అర్ధరాత్రి హైదరాబాదులో మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండోదాన్ని 1966 డిసెంబరులో విజయవాడలో ఒక హోటలు కార్మికుడు, మూడోదాన్ని 1968లో విశాఖలో ఒక బిచ్చగత్తె. వారాలకీ రుతువులకీ సంవత్సరాలకీ కూడా వాళ్ళు సొంత పేర్లు పెట్టుకున్నారు. సభలూ పూలదండలూ సన్మానపత్రాల మధ్య నలిగిన పుస్తకావిష్కరణని నడిరాత్రి నడివీధిలో నిలబెట్టడం, ఆ రోజుల్లో ఎంత తెగువో ఊహించుకోండి. ఆ కవితల్లో కొన్ని నాకు నచ్చవు, కేవలం అరుపులుగా మిగిలాయి. ఆ ఆవిష్కరణలు మాత్రం తెలుగులో జరిగిన గొప్ప ప్రయోగాలని నమ్ముతాను. అయితే ఒక పని మిగిలిపోయింది. పుస్తకాన్ని ఆ కష్టజీవుల చేతికిచ్చిన తర్వాత, వాళ్ళు ఏమనుకున్నారో కూడా అంతే శ్రద్ధగా రాసుకుని ఉంటే తెలుగు సాహిత్యానికి ఇంకో సంపుటి దక్కేది.

ఇప్పుడు ఇద్దరు ప్రభుత్వోద్యోగుల గురించి చెబుతాను. ఇక్కడ మీలో చాలామంది డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు కాబట్టి కావాలనే చెబుతున్నాను. ఫెర్డినాండ్ షెవాల్ ఫ్రాన్సులో ఒక పల్లెటూరి పోస్టుమాన్. 1879లో ఒక రోజు టపా పంచుతూ నడుస్తుంటే కాలికి ఒక విచిత్రమైన రాయి తగిలింది. ఆ రోజు నుంచి దారిలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. ముందు జేబుల్లో, తర్వాత బుట్టలో, ఆ తర్వాత తోపుడుబండిలో. 33 ఏళ్ళు రాత్రిళ్ళు దీపం పెట్టుకుని ఒంటరిగా ఒక మహలు కట్టాడు. గుళ్ళు, గుహలు, రాక్షసులు, జంతువులు అన్నీ అందులో కలగలిసిపోయాయి. ఊరు అతన్ని పిచ్చివాడంది. బ్రెటన్ బృందం వచ్చి చూసి చేతులు జోడించింది. 1969లో ఫ్రాన్సు దాన్ని రక్షిత కట్టడం చేసింది.

రెండో ఆయన మనవాడే, నేక్ చంద్. చండీగఢ్‌లో ప్రజాపనుల శాఖలో రోడ్డు ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కోసం పాత ఊళ్ళు కూల్చినప్పుడు మిగిలిన పెంకులు, పింగాణీ ముక్కలు, పగిలిన గాజులు, కరెంటు సామాన్లు సైకిలు మీద మోసుకెళ్ళి, 1950ల చివరి నుంచి అడవి జాగాలో ఎవరికీ తెలియకుండా బొమ్మల రాజ్యం కట్టాడు. అది ప్రభుత్వ భూమి. 1970ల్లో అధికారుల కంటబడింది. చట్టప్రకారం కూల్చేయవలసిందే. ప్రజలు, కొందరు అధికారులు నిలబడ్డారు. 1976లో రాక్ గార్డెన్ జనం కోసం తెరుచుకుంది, నేక్ చంద్‌కి జీతమిచ్చి అదే పని అప్పగించారు, 1984లో పద్మశ్రీ వచ్చింది. కూల్చే అధికారం చేతిలో ఉన్న ఆఫీసరు, చూసి ఆగాడు. ఆ ఆగడం లేకపోతే ఈ కథ లేదు.

మన దగ్గర ఈ శక్తి లేదా? వరాహ నది ఒడ్డున, యలమంచిలి దాటగానే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర తరిణె మీద తిరుగుతుంటుంది. పనివాడు రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తాడు. ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకి చుట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో అదిమి పడితే అద్దంలాంటి నునుపు వస్తుంది. చేతి ఒత్తిడి వెంట్రుకవాసి మారితే బొమ్మ నడుము మారిపోతుంది. రసాయన రంగులు ఊరిని ముంచెత్తిన రోజుల్లో సి.వి. రాజు గారు ఆకులు, గింజలు, వేళ్ళు, బెరళ్ళ నుంచి రంగులు తీయడానికి పూనుకున్నారు. అది పరిశోధనశాలలో జరిగిన ప్రయోగం కాదు, పనివాళ్ళ వాకిట్లో జరిగింది. 2017లో ఏటికొప్పాక బొమ్మకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఈ బొమ్మల శకటం రాష్ట్రాల్లో మూడో స్థానం తెచ్చుకుంది. ఢిల్లీ కర్తవ్య పథం మీద జనం చప్పట్లు కొట్టిన ఆ బొమ్మలు అచ్యుతాపురం బస్టాండులో ఎదురవుతాయా అంటే నాకు కనిపించలేదు. ఫ్యాక్టరీల కాంపౌండు గోడల మీదా కనిపించలేదు.

ఆ గోడలు ఎంత పొడుగో మీకు తెలుసు. బస్సు కిటికీలోంచి రోజూ రెండు పూటలా మీరు చూసేవి అవే. మైళ్ళకొద్దీ తెల్లగోడ, పైన ముళ్ళతీగ. పాతికేళ్ళ కిందట ఇదే దారిలో సబ్బు ప్రకటన కూడా ఒక మనిషి చేతిరాతలో ఉండేది. అక్షరం వంపులో అతని మనసు కనిపించేది. ఫ్లెక్సీ వచ్చి ఆ చేతుల్ని ఖాళీగా కూర్చోబెట్టింది. దిష్టిబొమ్మకి కూడా అచ్చు మొహాలు వచ్చేశాయి. తీర్థాల్లో నేలవేషాల వేళని డీజే బాక్సులు తినేస్తున్నాయి. ఒక్కటొక్కటిగా చూస్తే ఇవి చిన్న నష్టాలే. కలిపి చూడండి. పదహారేళ్ళ పిల్ల ఊరి నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఊరికి ఏళ్ళపాటు ప్రయాణం చేసి, ఆ దారిలో ఒక్కసారి కూడా ‘ఇదేమిటి?’ అని తల తిప్పకుండా పెద్దదైపోతుంది. దీన్ని నేను చిన్న విషయం అనుకోలేను. తల తిప్పి అడగడం అలవాటైన మనిషి మిగతా చోట్ల కూడా అడుగుతుంది, జీతం చీటీ చూసి అడుగుతుంది, భద్రత గురించి అడుగుతుంది.

కాబట్టి ఈ సభ నుంచి కొన్ని కోరికలు. పరిశ్రమల యాజమాన్యాలు సామాజిక బాధ్యత నిధుల నుంచి ఏటా కొంత తీసి, గోడలో ఒక భాగాన్ని చిత్రకారులకి వదిలిపెట్టాలి. ఏం వేయాలో చెప్పకుండా వదిలిపెట్టాలి. నినాదం అడగవద్దు, కంపెనీ గుర్తు అడగవద్దు. అధికారులకి అర్థం కాని బొమ్మ వస్తే సున్నం కొట్టించే ముందు షిఫ్టు దిగిన పదిమందిని అడగండి. లోపల పోగుపడే తుక్కులో ప్రమాదం లేనిదాన్ని బడిపిల్లలకీ శిల్పులకీ ఇవ్వండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళా విభాగం ఉంది, అక్కడి విద్యార్థులు గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్నారు, పిలిస్తే వస్తారు. బొమ్మ వేసినవాళ్ళు వేసి వెళ్ళిపోకుండా, ఒక సాయంత్రం ఆ గోడ పక్కన నిలబడి అడిగినవారికి జవాబు చెప్పాలన్న షరతు మాత్రం పెట్టండి. శంకరం కొండ మనకి నేర్పింది అదే. తీర్థాల కమిటీల పెద్దలకి నాదొక మనవి. నేలవేషాలవారికి, పగటివేషాలవారికి మాట్లాడుకున్న సొమ్ము ఊరేగింపు కదలకముందే చేతిలో పెట్టండి, కరపత్రంలో వాళ్ళ పేర్లు వేయండి. ఉపాధ్యాయులకి ఒక విన్నపం. శంకరం కొండకి, ఏటికొప్పాకకి పిల్లల్ని తీసుకెళ్ళండి, తిరిగి వచ్చాక వ్యాసం రాయించవద్దు, బొమ్మ వేయించండి.

మేడలు కట్టుకుంటున్నవారికి కూడా ఒక మాట. దిష్టిబొమ్మని కొట్టులో కొనకండి. మీ మేస్త్రీని చేయమనండి, దానికి వేరే కూలి ఇవ్వండి.

వచ్చే ఏడాది ఈ ఉపన్యాసం నాటికి అచ్యుతాపురంలో ఒక్క గోడయినా చిత్రకారుల చేతికి వచ్చి ఉండాలి. అందుకు అర్జీ రాసి తెచ్చాను, మొదటి సంతకం నాది. సభ ముగిశాక తలుపు దగ్గర బల్ల మీద ఉంటుంది. చదివి, సమ్మతమైతే మీరూ సంతకం చేయండి.